ఓటు పడని గెలుపు

కండక్టరు వార్డు మెంబరుగా నిలబడుతున్నాడని తెలిసిన రోజున వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆ మనిషి ఎవరి జోలికీ పోడు, ఎవరూ ఆయన జోలికి పోరు. పొద్దున పాల ప్యాకెట్టు కోసం ఒకసారి, సాయంత్రం ఊరికే ఒకసారి గుమ్మం దాటుతాడు. తలుపుకి తాళం వేస్తాడు, వేసిన తాళాన్ని లాగి చూసుకుంటాడు, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసుకుంటాడు. వీధి చివరిదాకా నడిచి తిరిగొస్తాడు. అలాంటి మనిషిని ఉన్నట్టుండి ఈ రాజకీయం పురుగు ఎక్కడ కుట్టిందిరా బాబూ అని జనం బుర్రలు గోక్కున్నారు.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకా నవ్వేవాళ్ళేమో!

సర్వీసంతా ఆయన సిటీ బస్సులోనే గడిపాడు. "జరగండి, జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అంటూ లేని ఖాళీని చూపించి జనాన్ని కూరడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. ఒకసారి ఊదితే బండి ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. పొద్దస్తమానం జనం మీద పడేవాళ్ళు, కాళ్ళు తొక్కేవాళ్ళు, చిల్లర దగ్గర తగువుకొచ్చేవాళ్ళు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే "ఈ మనుషులతో వేగలేక చస్తున్నాను" అనేవాడు భార్యతో. రిటైరైన మర్నాటినుంచి ఆ మనుషులు ఒక్కరు కూడా లేరు. తర్వాత భార్యా పోయింది. పిల్లలు కలగలేదు. ఇప్పుడాయన కాలు తొక్కేవాళ్ళే లేరు. ఎవరైనా తొక్కితే బాగుండునని ఉంటుంది, నిజం!

ఒక మధ్యాహ్నం పురపాలక కార్యాలయం మనిషి ఒకడు జిగురు డబ్బాతో వచ్చి, ఆయన ఇంటి గోడకే ఎన్నికల ప్రకటన అంటించి పోయాడు. గోడ నీదేనా, అంటించనా అని మాట వరసకైనా అడగలేదు. అడగకపోతే పోయె, కనీసం తలుపు కొట్టి ఉంటే ఒక మాటైనా మాట్లాడేవాడిని కదా అనుకుంటూ కండక్టరు బయటికొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. ఆ పద్ధతి ఆయనకు తెలియనిదేం కాదు. వార్డు జనం మెంబర్ని ఎన్నుకుంటారు. మెంబర్లంతా కూర్చుని వాళ్ళలో ఒకర్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. కమిషనర్ని మాత్రం ఎవరూ ఎన్నుకోరు. ఆయన్ని ప్రభుత్వం ఒక ఆర్డరుతో వేస్తుంది, ఇంకో ఆర్డరుతో ఎత్తేస్తుంది. ఇంజనీరూ అంతే, లెక్కలు చూసే ఆయనా అంతే. వచ్చిన కాగితం పట్టుకుని వస్తారు, వచ్చిన కాగితం పట్టుకుని పోతారు.

ఎన్నాళ్ళనుంచో తెలిసిన ఆ సంగతే ఆ రోజు ఎందుకో గుచ్చుకుంది. తనని అందరూ వెయ్యడమే గాని, ఎవరూ ఎన్నుకోలేదు కదా!

ఆలోచిస్తే నిజమే. తండ్రి బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉండగానే పోయాడు. ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలి గనక ఇతన్ని కండక్టరుగా వేశారు. యూనియన్లో ఓసారి కార్యవర్గంలో ఉన్నాడు, అదీ కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని కూర్చోబెట్టారు. పెళ్ళి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈయన మేనత్త, పెళ్ళికూతురి పెదనాన్న ఒక బస్టాండులో కలుసుకుని ఖాయం చేసేశారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు కూడా. "వాళ్ళెవరూ చెప్పకుండా, నీ అంతట నువ్వే నన్ను చూసి ఉంటే, చేసుకునేదానివా?" ఆవిడ గరిటె ఆపలేదు. "ఇప్పుడా అడిగేది? రండి, చల్లారిపోతోంది" అంది. పొయ్యి వైపు తిరిగి ఉంది గనక నవ్విందో లేదో తెలియలేదు. మళ్ళీ అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి, మొహమాటపడి మింగేశాడు. అడిగి తీరాలి అనుకునే వేళకి ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. ముక్కులో గొట్టం ఉన్న మనిషిని అడిగే ప్రశ్నా అది? ఆ జవాబు ఆవిడతోనే పోయింది.

అందుకే ఆయనకి ఎన్నిక కావాలి. గెలుపు సంగతి తర్వాత. ఎవరైనా తెర వెనక ఒంటరిగా నిలబడి, ఎవరి బలవంతమూ లేకుండా, ఉన్న పేర్లలోంచి తన పేరు చూసి "ఈయనకి వేద్దాం" అనుకుంటారా, అనుకోరా? పెట్టె విప్పితే తేలిపోతుంది. తన పేరు మీద గుప్పెడు ఓట్లున్నా చాలు, ఆ గుప్పెడుతో మిగిలిన బతుకు వెళ్ళదీసేస్తాడు.

నామినేషను మీద అదే వార్డు ఓటరు ఒకరు సంతకం పెట్టాలి. ఎవర్ని అడగడం? అద్దం ముందు నిలబడి అడగవలసిన మాట నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాడు. చివరికి వీధి మొదట్లో టైలరు దగ్గరికి వెళ్ళాడు.

"ఒక సంతకం కావాలండీ."

"దేనికండీ, పెన్షనుకా?" టైలరు మిషను ఆపకుండానే అన్నాడు.

"మెంబరుగా నిలబడదామనుకుంటున్నాను."

మిషను ఠక్కున ఆగింది. టైలరు కళ్ళజోడు పైకి తోసుకుని, కొలతలు తీసేవాడిలా ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మీరా?"

"ఏం, పనికిరానా?"

"అయ్యయ్యో, ఆ మాట నేనన్నానా! ఇటివ్వండి." సంతకం గీకేశాడు టైలరు. "ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. ఈ చొక్కాతో మీరు కౌన్సిలుకి వెళ్తే మన వీధి పరువు గంగలో కలుస్తుంది. కొత్తది నేను కుడతాను."

అప్పటికప్పుడే కొలతలకి నిలబెట్టాడు. టేపు పట్టుకున్న చెయ్యి భుజం మీద పడింది, మెడ చుట్టూ తిరిగింది, మణికట్టు దగ్గర ఆగింది. మరో మనిషి చెయ్యి తన ఒంటి మీద పడి ఎన్నాళ్ళయిందో కండక్టరుకి గుర్తు రాలేదు. బిగుసుకుని నిలబడ్డాడు. "ఊపిరి బిగపట్టకండి, చొక్కా బిగుతైపోతుంది" అని టైలరు కసిరాడు.

పురపాలక కార్యాలయంలో ఎన్నికల అధికారి అసలు చేపల శాఖ మనిషి. ఎన్నికలయ్యేదాకా ఆయన్నిక్కడ వేశారు. ఆ సంగతి ఆయన మొహంలోనే కనిపిస్తుంది పాపం, నీళ్ళలోంచి బయటపడేసిన చేపలాగే ఉన్నాడు. బల్ల వెనక గోడకి గుర్తుల బొమ్మలు అంటించారు. నిచ్చెన, గొడుగు, తాళం, కుర్చీ, దీపం. చివరి వరసలో, మూల మీద, ఈల! కండక్టరు కళ్ళు దానికే అతుక్కుపోయాయి.

"ఈల ఇవ్వండి."

"మూడు గుర్తులు రాయాలండీ. మొదటిది, రెండోది, మూడోది."

"నాకు ఒకటి చాలండీ."

"మీకు చాలితే సరిపోదు, నాకు మూడు కావాలి." అధికారి విసుక్కున్నాడు. కండక్టరు ఈల రాసి, ఇష్టం లేకుండానే కింద గొడుగు, తాళం రాశాడు. "గుర్తు ఇప్పుడే ఇవ్వం. వెనక్కి తీసుకునేవాళ్ళకి గడువుంది కదా, అది అయ్యాక మిగిలినవాళ్ళని కూర్చోబెట్టి ఇస్తాం. ఆ రోజు మధ్యాహ్నం రండి."

పోటీలో ఉన్నది ఇంకొక్కరే, మందుల షాపావిడ. వీధిలో జ్వరమొచ్చినా దగ్గొచ్చినా డాక్టరుకంటే ముందు ఆవిడకే చెబుతారు. ఎవరు గెలుస్తారంటే చంటిపిల్లాడు కూడా ఆవిడ పేరే చెబుతాడు. కండక్టరుకి ఆ సంగతి తెలుసు. తెలిసే హాయిగా ఉన్నాడు. అంత మంచి మనిషి ఎదురుగా ఉన్నా తనకి పడే ఓటంటే, అది అచ్చంగా తన కోసం పడే ఓటే కదా.

మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగాడు. అబ్బ, ఏం తిరిగాడండీ! ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం తగువులాడుకుంటుంటే మధ్యలో కూర్చోబెట్టి "మీరే చెప్పండి న్యాయం" అన్నారు. ఇద్దరి వైపూ తలూపి, ఇద్దరి దగ్గరా టీ తాగి బయటపడ్డాడు. ఇంకో ఇంట్లో రాత్రి డ్యూటీ నర్సుని నిద్ర లేపి చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లు కూడా తియ్యగానే ఉన్నాయి ఆయనకి. తలుపు తీసి "మీరు ఈ వరసలోనే కదూ ఉంటారు? మిమ్మల్ని చూడడమే గాని..." అన్నవాళ్ళున్నారు. వీధి దీపం గురించి, కాలవ కంపు గురించి, కుళాయిలో గాలి తప్ప నీళ్ళు రాకపోవడం గురించి గంటలు గంటలు చెప్పారు. ఆయన వినడమే పెద్ద పండగలా విన్నాడు. ఇంటికొచ్చేసరికి కడుపు నిండా టీ, చెవుల నిండా మాటలు. ఆ రోజుల్లో రేడియో పెట్టుకోకుండానే నిద్రపట్టేది.

అలా వీధిలో తన వైపున్న ఇళ్ళన్నీ పూర్తిచేశాడు. ఎదురు వరస మాత్రం కావాలనే ఉంచుకున్నాడు. గుర్తు వచ్చాక, మెడలో నిజం ఈల వేసుకుని, "ఇదిగో ఇదే నా గుర్తు" అని చూపిస్తూ వెళ్ళాలని ఆయన ముచ్చట. చిన్నపిల్లల ముచ్చట అంటారా, అనండి. ఎదురు వరసలో చివరింటి కిటికీ దగ్గర ఒక పెద్దావిడ ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆవిడతో ఒక్క మాటా మాట్లాడిన పాపాన పోలేదు. ఈసారి ఆ కిటికీ దగ్గరే మొదలుపెడదామని కూడా అనుకున్నాడు.

చొక్కా తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు టైలరు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మీ పంట పండింది! మందుల షాపావిడ నామినేషను వెనక్కి తీసుకుంటుందట!"

కండక్టరు మొహం పాలిపోయింది. చొక్కా తీసుకోవడం కూడా మరిచిపోయి తిన్నగా మందుల షాపుకి వెళ్ళాడు. ఆవిడ అరలు సర్దుతోంది.

"అమ్మా, నువ్వు తప్పుకుంటున్నావని విన్నాను. నిజమేనా?"

"నిజమే బాబాయ్ గారూ. మీకు చెబుదామనే అనుకున్నా. నన్ను ఆసుపత్రి కమిటీలో వేస్తామన్నారు, ఆర్డరు కూడా వచ్చేసినట్టే. నాకు కావలసింది అదే కదా. ఆ పనికి ఇల్లిల్లూ తిరిగి ఓట్లడగక్కర్లేదు, ఒక కాగితం వస్తే చాలు. మరి రెండూ ఎందుకు నాకు?"

"రెండూ ఉండనీ అమ్మా. పోటీలో ఉండు. గెలిచేది నువ్వే."

ఆవిడ వింతగా చూసింది. "గెలిచేది నేనైతే మీరెందుకు నిలబడ్డారండీ?"

ఏం చెబుతాడు? అరల్లోని డబ్బాలకేసి చూశాడు. చివరికి సిగ్గు విడిచి అడిగేశాడు.

"నాకు నాలుగు ఓట్లు పడాలమ్మా. నాలుగంటే నాలుగు కాదులే... ఎన్నో కొన్ని. పడతాయో లేదో చూసుకోవాలి. నువ్వు తప్పుకుంటే ఎవరూ ఓటే వెయ్యరు. ఒక్క పది రోజులు ఓపిక పట్టు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఛ ఛ, ఏం మాటలండీ అవి!" ఆవిడ గాభరాపడి బల్ల వెనకనుంచి బయటికొచ్చింది. "మీరంటే అందరికీ గౌరవమే బాబాయ్ గారూ. మీ వయసుకి ఎండలో పడి తిరుగుతుంటే నాకే కష్టంగా ఉంది. హాయిగా ఇంట్లో కూర్చోండి, పదవి మీ ఇంటికే నడిచొస్తుంది. ఎంతమందికి ఉంటుందండీ ఈ అదృష్టం?"

మంచి మనసుతోనే అంది పాపం. ఒక నీరసం బిళ్ళల అట్ట కూడా చేతిలో పెట్టింది. కండక్టరు దాన్ని జేబులో వేసుకుని బయటికొచ్చాడు. కోపం వచ్చింది ఆయనకి, ఎవరి మీదో తెలియని కోపం. హాయిగా ఇంట్లో కూర్చోమంటుంది! ఆ ఇంట్లో కూర్చోవడం ఎంత హాయో ఈవిడకేం తెలుసు?

గడువు రోజున ఆయన పొద్దున్నే వెళ్ళి కార్యాలయంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. జేబులో ఈల ఉంది. ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక హడావుడిగా వచ్చింది, సంతకం పెట్టింది, ఈయన్ని చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది, షాపు మూసి వచ్చానంటూ వెళ్ళిపోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందో లేదో.

మిగిలిన వార్డులవాళ్ళని పిలిచి గుర్తులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకడికి గొడుగు వచ్చింది, ఒకావిడకి దీపం వచ్చింది. నిచ్చెన కోసం ఇద్దరు గొడవపడ్డారు. ఈయన పేరు ఎంతకీ పిలవరే! చివరికి లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నా గుర్తండీ."

అధికారి తలెత్తి, మొదటిసారి నవ్వాడు. "మీకెందుకండీ గుర్తు? మీరు గెలిచేశారు. ఏకగ్రీవం! అభినందనలు."

"అది సరే. ఈల ఇవ్వరా?"

"పోటీ ఉంటేనే గుర్తు. మీ వార్డుకి ఓటింగే లేదు."

"ఓటింగు పెట్టకూడదాండీ? నేను ఒక్కణ్ణే ఉన్నా సరే. కావాలనుకున్నవాళ్ళు వేస్తారు, వద్దనుకున్నవాళ్ళు మానేస్తారు. తెలుస్తుంది కదా."

"రూలు ఒప్పుకోదు." అధికారి పెన్ను కింద పెట్టి ఆయన్ని విడ్డూరంగా చూశాడు. "ఒక్క ఓటు కోసం జనం పీకలు కోసుకుంటుంటే, మీరేంటండీ బాబూ, ఓట్లు వేయించమని ప్రాణం తీస్తారు? సంతకం పెట్టి ధ్రువపత్రం తీసుకెళ్ళండి. నాకింకా బోలెడు వార్డులున్నాయి."

తీసుకెళ్ళక చేసేదేముంది! వీధిలోకి వచ్చేసరికి వార్త ఆయనకంటే ముందే వచ్చింది. "కంగ్రాట్స్ అండీ!" అని డాబా మీదనుంచి ఒకరు, "మీకింకేం సార్, పెట్టిపుట్టారు!" అని కిటికీలోంచి ఒకరు అన్నారు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. పని అయిపోయిన మనిషిని ఎందుకు రమ్మంటారు? కాలవ సంగతి మళ్ళీ గుర్తు చెయ్యడానికి ఇద్దరు ఆగారంతే. మర్నాడు ఎదురు వరసకి వెళ్దామని గుమ్మం దిగాడు. రోడ్డు మధ్యదాకా వెళ్ళాక కాలు ఆగింది. ఏమని తలుపు కొట్టాలి? ఓటెయ్యండి అనాలా? ఓటే లేదాయె. ఎందుకొచ్చారంటే ఏం చెప్పాలి? ఊరికే వచ్చానంటే బాగుంటుందా? వెనక్కి తిరిగి, వేసిన తాళం మళ్ళీ తీసుకుని లోపలికెళ్ళాడు.

ఓట్ల రోజు రానే వచ్చింది. మిగిలిన వార్డుల్లో పొద్దున్నించే సందడి, బళ్ళ మోత వినబడుతోంది. ఈ వీధికి మాత్రం సెలవు రోజు నిద్ర పట్టింది. కండక్టరు టైలరు పంపించిన కొత్త చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని తననే తను అడుక్కుని, జవాబు రాకపోయినా బయల్దేరాడు. ప్రతిసారీ తమ వార్డు వాళ్ళు ఓటేసే బడి దగ్గరికే తీసుకెళ్ళాయి కాళ్ళు. గేటుకి తాళం వేసి ఉంది. లోపల బెంచీలన్నీ గోడవారకి నెట్టి ఉన్నాయి.

గేటు పక్క అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్తే తెలిసింది, ఎదురు వరస చివరి కిటికీలో కనిపించే పెద్దావిడ. ఉతికిన బట్టలు కట్టుకుంది, నున్నగా తల దువ్వుకుంది, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. అడుగుల చప్పుడు విని మొహం ఇటు తిప్పింది. చూపు ఆనదని తెలుస్తూనే ఉంది.

"ఎవరు నాయనా? గేటు ఎప్పుడు తీస్తారు?"

"ఈ రోజు తియ్యరు పెద్దమ్మా. మన వార్డుకి ఈసారి ఓటు లేదు."

"లేకపోవడమేమిటి? నా పేరు కొట్టేశారా?"

"అబ్బే, మీ పేరుంది. ఒక్కడే మిగిలాడు. వాడే గెలిచాడని చెప్పేశారు."

"నన్నడక్కుండానే?"

ఆయన వెళ్ళి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఎంతసేపు చూశాననుకున్నావు!" అంది ఆవిడ. "ప్రతిసారీ ఓట్ల రోజున ఎవరో ఒకరు నాకోసం బండి తెస్తారు. కిందటిసారి రెండు వర్గాలవాళ్ళూ తెచ్చారు. మా బండెక్కు అంటే మా బండెక్కు అని వాకిట్లో కొట్టుకున్నంత పని చేశారు. నేను ఊరుకుంటానా? ఏ బండీ ఎక్కకుండా కాసేపు అలాగే కొట్టుకోనిచ్చాను. నాకోసం మనుషులు కొట్టుకునేది ఆ ఒక్క రోజే కదా!" పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. "ఈసారి పొద్దున్నే తయారై కూర్చున్నా. ఎవరూ రాలేదు. మరిచిపోయారేమో అనుకుని నేనే గోడ పట్టుకుంటూ వచ్చా."

కండక్టరుకి ఎక్కడో చివుక్కుమంది. తన గోలలో తనుండి, ఓట్లు లేకపోవడం తన ఒక్కడి నష్టమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"పదండి, ఇంటి దగ్గర దింపుతాను" అని చెయ్యి అందించాడు. "నిదానం. ఎడమ కాలు ముందు పెట్టండి. ఆ, దిగండి." బస్సులో నోటికి అలవాటైన మాటలు అవే వచ్చేశాయి. ఆవిడ చెయ్యి ఎండు కట్టెలా తేలిగ్గా ఉంది, కానీ పట్టు మాత్రం గట్టిగా ఉంది. ఇద్దరూ వీధి వారగా నడిచారు. సగం దూరం వచ్చాక ఆయన ఉండబట్టలేకపోయాడు.

"పెద్దమ్మా, గేటు తీసి ఉంటే... ఎవరికి వేద్దామనుకున్నారు?"

"ఎవరు నిలబడ్డారో నాకు తెలుసులే. మందుల షాపమ్మాయి, ఆ కండక్టరు."

"అవును. ఎవరికి?"

"అది చెప్పకూడదు నాయనా. తప్పు. ఓటు సంగతి నేను మా ఆయనకే ఎన్నడూ చెప్పలేదు."

కండక్టరు ఆగిపోయాడు. ఆవిడ కూడా ఆగవలసి వచ్చింది, చెయ్యి ఆయన చేతిలో ఉంది మరి.

"ఆ కండక్టర్ని నేనేనండీ."

పెద్దావిడ మొహం పైకెత్తి, కళ్ళు చికిలించి, ఆనని చూపుతోనే చాలాసేపు చూసింది. మొహంలో ఏదో కదిలింది. నవ్వే అనుకున్నాడు, అంతలోనే తల తిప్పేసుకుంది.

"అయితే అసలే చెప్పకూడదు" అంది.

ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వంటింట్లో పొయ్యి వైపు తిరిగి నిలబడ్డ మనిషి కళ్ళ ముందు మెదిలింది. ఇక ఆ మాట అడగలేదు. ఇద్దరూ ఆవిడ గుమ్మం దాకా నడిచారు. మెట్టెక్కించి చెయ్యి వదలబోతుంటే ఆవిడ వదల్లేదు.

"నువ్వు ఆ వైపు ఇళ్ళన్నీ తిరిగావుగా. కిటికీలోంచి సందడి వినబడుతూనే ఉంది. ఆ ఇంట్లో నవ్వులు, ఈ ఇంట్లో నవ్వులు. ఇవాళ వస్తావు, రేపు వస్తావు అని చూశా. మా వైపు ఎందుకు రాలేదు?"

"గుర్తు చేతికొచ్చాక వద్దామనుకున్నానండీ. ఈల గుర్తు. అది ఇవ్వలేదు."

"చేతిలో ఈల బొమ్మ లేకపోతే, మనిషి మనిషి గుమ్మం ఎక్కకూడదా?"

కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డుకి అవతల తన తలుపు, తన తాళం కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ మధ్యలో ఉన్నది ఆ రోడ్డే. తను దాన్ని ఎన్నిసార్లు చూశాడు, ఒక్కసారైనా దాటాడా?

"సరేలే. మళ్ళీ ఓట్లెప్పుడు?" అంది ఆవిడ చెయ్యి వదులుతూ.

"అయిదేళ్ళకి."

"అప్పటికి నేనుండొద్దూ!" కర్ర తడుముకుంటూ లోపలికి నడిచింది. "తలుపు దగ్గరగా లాగి వెళ్ళు నాయనా. గాలికి కొట్టుకుంటుంది."

లాగాడు. రోడ్డు దాటి, తన తాళం తీసుకుని లోపలికెళ్ళాడు. కొత్త చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, జేబులోంచి ఈల తీసి బల్ల మీద పెట్టాడు. కిటికీ తీసి చూస్తే ఎదురు వరస చివరి కిటికీలో ఆవిడ అప్పుడే వచ్చి కూర్చుంటోంది. ఆయన చెయ్యి ఊపాడు. అంత దూరం ఆవిడకి ఆనదని తెలిసి కూడా, ఇంకాసేపు ఊపాడు.